సైన్ తెలియని టీవీ

బాణోతు ఉషారాణికి త్రికోణమితితో ఉన్న సంబంధం ఇంటర్ మొదటి సంవత్సరంలోనే తెగిపోయింది. తెంపింది లెక్కల లెక్చరర్ ప్రేమ్‌సాగర్.

యూనిట్ టెస్టులో ఒక చెట్టు ఎత్తు అడిగారు. ఇరవై మీటర్ల దూరంలో నిలబడి చూస్తే చెట్టు కొన అరవై డిగ్రీల కోణంలో కనిపిస్తోంది, ఎత్తెంత అని. ఉషారాణికి సూత్రం గుర్తు రాలేదు. కోణమానిని, స్కేలు తీసి పేపరు మూల చిన్న త్రిభుజం గీసింది. కొలిచి ముప్పై నాలుగున్నర మీటర్లని రాసింది. అసలు జవాబు ముప్పై నాలుగు పాయింట్ ఆరు నాలుగు. ప్రేమ్‌సాగర్ సున్నా వేసి, తండ్రిని తీసుకురమ్మన్నాడు.

తండ్రి హాతీరాం పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో కాంట్రాక్టు పనివాడు. షిఫ్టు దిగి, చెవుల వెనక బొగ్గు మసి అట్లాగే ఉండగా వచ్చి నిలబడ్డాడు.

"మీ అమ్మాయి మంచిదే. కాని కొలుస్తది" అన్నాడు ప్రేమ్‌సాగర్.

"కొలిస్తె తప్పేంది సార్? మేం చేసే పనంత కొలిచే చేస్తం."

"అందుకే చెప్తున్న. ఎంపీసీ వద్దు. సీఈసీల వెయ్యున్రి."

హాతీరాంకు ఆ మూడక్షరాలకూ ఈ మూడక్షరాలకూ తేడా తెలియదు. సార్ చెప్పాడు కాబట్టి వేశాడు. ఉషారాణి కామర్స్ చదివింది, ఖమ్మంలో కంప్యూటర్ సబ్జెక్టుతో డిగ్రీ చేసింది, ఒక చిన్న ఆఫీసులో వెబ్‌పేజీలు తయారుచేయడం నేర్చుకుంది. కరోనా రోజుల్లో ఆ ఆఫీసు మూతబడితే ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని పాల్వంచ పక్కన తమ తండాకే వచ్చేసింది. భద్రాచలంలో లాడ్జీలకు, కొత్తగూడెంలో ఫంక్షన్ హాళ్లకు, ఒక దంతవైద్యుడికి పేజీలు చేసిపెట్టింది. ఈ పనిలో కోణాలు ఉండవు. దంతవైద్యుడికి పళ్లు తెల్లగా కనిపిస్తే చాలు, ఫంక్షన్ హాలుకు లైట్లు ఎక్కువగా కనిపిస్తే చాలు.

జ్ఞానతరంగ జూనియర్ కాలేజీ పని అట్లాగే వచ్చిందనుకుంది. పాల్వంచలోని ఆ కాలేజీకి డైరెక్టర్ నాగలక్ష్మి మేడం. ఆమె గదిలోకి అడుగుపెట్టగానే పక్క కుర్చీలో ప్రిన్సిపాల్ కనిపించాడు. జుట్టు పలచబడింది, కళ్లద్దాలు మందమయ్యాయి, మనిషి మాత్రం ప్రేమ్‌సాగరే. ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. సున్నాలు వేసేవాళ్లకు అన్ని సున్నాలూ గుర్తుండవు.

"మాది తరంగ" అంది నాగలక్ష్మి మేడం. "అందుకని మా ర్యాంకర్ల ఫొటోలు అన్ని కాలేజీల్లెక్క వరసగ నిలబడొద్దు. ఎడమ నుంచి కుడికి అలలాగ పోవాలె. పైకి లేవాలె, కిందికి దిగాలె, మళ్ల లేవాలె. గోదావరిలాగ."

"దాన్ని సైన్ కర్వ్ అంటరమ్మా" అన్నాడు ప్రేమ్‌సాగర్. "నీకు తెలుసో లేదో."

"విన్నాను సార్" అంది ఉషారాణి.

మొదట ఆమె తనకు తెలిసిన పద్ధతిలోనే చేసింది. కాగితం మీద అల గీసి, స్కేలుతో కొలిచి, ఒక్కో ఫొటో ఎంత పైకి ఉండాలో, ఎంత కిందికి ఉండాలో అంకెలు రాసింది. పేజీలో ఏది ఎక్కడ ఉండాలో, ఏ రంగులో ఉండాలో చెప్పేది స్టైల్‌షీట్. ఆ అంకెలన్నీ అందులో ఎక్కించింది. అల చక్కగా వచ్చింది. మర్నాడు మేడం ఫోన్ చేసి ఇంకో ఇద్దరిని కలపమంది. ఇద్దరు కలిసేసరికి అల మొత్తం జరగాలి, అన్ని అంకెలూ మారాలి. మార్చింది. ఆ తర్వాత ఒకరి తండ్రి ఫీజు దగ్గర గొడవపడ్డాడని ఆ ఫొటో తీసేయమన్నారు. మళ్లీ మార్చింది. సాయంత్రానికి ఆ తండ్రి రాజీకి వచ్చాడు. అప్పుడు ఉషారాణి స్కేలు పక్కన పడేసింది.

కొత్త బ్రౌజర్లలో స్టైల్‌షీట్‌కు సైన్ తెలుసు. ఈ ఫొటో ఎన్నోది, మొత్తం ఎన్ని అని చెబితే, ఎంత ఎత్తులో పెట్టాలో అదే లెక్క కట్టుకుంటుంది. ఉషారాణి అడ్డంగా ఎంత జరగాలో, నిలువుగా ఎంత జరగాలో రెండూ ఒకే లైనులో రాసింది. ఆమె ల్యాప్‌టాప్‌లో అల వచ్చింది. ఫోన్‌లో వచ్చింది. ఎంతమందిని కలిపినా, ఎంతమందిని తీసినా అల అలలాగే ఉంది. ఏ సైన్ కోసం తనను లెక్కల క్లాసులోంచి పంపారో అది ఇప్పుడు మూడు ఇంగ్లీషు అక్షరాలు కొడితే చాలు పలుకుతోందని ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ప్రారంభోత్సవం దాకా నిలిచింది.

కాలేజీ రిసెప్షన్‌లో గోడంత టీవీ పెట్టారు. నాగలక్ష్మి మేడం తమ్ముడు కానుకగా ఇచ్చాడు. రిబ్బను కత్తిరించేదాకా దాని మీది గుడ్డ తీయడానికి వీల్లేదన్నారు కాబట్టి ఉషారాణి ముందుగా పరీక్షించలేకపోయింది. తల్లిదండ్రులు వచ్చారు, లెక్చరర్లు వరుసగా నిలబడ్డారు. మేడం తమ్ముడు రిబ్బను కత్తిరించాడు. గుడ్డ జారింది. తెర మధ్యలో ఒకే ఒక్క ఫొటో ఉంది.

మిగతావన్నీ దాని వెనకే ఉన్నాయి, పేకముక్కల కట్టలాగ. ఆ టీవీ లోపలి బ్రౌజర్ పాతది. దానికి సైన్ అంటే తెలియదు. తెలియని మాట కనిపిస్తే అది ఆ లైను మొత్తాన్ని వదిలేస్తుంది, ఎవరికీ చెప్పదు. ఎక్కడికీ కదలమని ఎవరూ చెప్పకపోయేసరికి ఫొటోలన్నీ మధ్యలోనే ఆగాయి. అందరికంటే చివర వేసింది అందరికంటే పైన ఉంటుంది. అట్లా మొదటి ర్యాంకు అట్టడుగుకు పోయి, జాబితాలో ఆఖరి పేరు జ్యోత్స్న గోడంత టీవీలో ఒంటరిగా నవ్వుతూ నిలబడింది.

"మా బిడ్డ!" అని గుంపులోంచి ఒక గొంతు వినపడింది.

జ్యోత్స్న తల్లి బతుకమ్మ మణుగూరు నుంచి పొద్దుటి బస్సుకు వచ్చింది. ఆమె భర్త ఎల్లస్వామి బొగ్గు గనిలో పని. పిలుపు వస్తే వచ్చిందే కాని, తన బిడ్డ ఎన్నో ర్యాంకో కూడా ఆమెకు సరిగా తెలియదు. ఇప్పుడు తెలిసింది.

"ఒక్కతే ఉన్నది సూడున్రి! కాలేజంతట్ల మా బిడ్డ ఒక్కతే!" అంటూ ఫోన్ తీసి ఫొటో కొట్టి, డ్యూటీలో ఉన్న భర్తకు పంపింది. ఎవరైనా నోరు తెరిచేలోపు ఎదురు దుకాణానికి పోయి లడ్డూల డబ్బా తెచ్చింది. మొదటి లడ్డూ నాగలక్ష్మి మేడం నోట్లోనే పెట్టింది. నోటినిండా లడ్డూ ఉన్న మనిషి ఏమీ ఖండించలేదు. మేడం తమ్ముడు తిన్నాడు. లెక్చరర్లు తిన్నారు. అసలు మొదటి ర్యాంకు కుర్రాడి తండ్రి, సహకార బ్యాంకు మేనేజరు, లడ్డూ చేతిలో పట్టుకుని టీవీ వైపూ ప్రిన్సిపాల్ వైపూ మార్చి మార్చి చూశాడు.

"మావాడేడి సార్?"

"వెనకాలున్నడండి" అన్నాడు ప్రేమ్‌సాగర్. అది నిజమే.

కాసేపటికి టీవీ ఆపేశారు. కరెంటు పోయిందన్నారు. పైన ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. బతుకమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. ఉషారాణి చేతులు రెండూ పట్టుకుని, "నువ్వే జేసినవంట గదా బిడ్డా, సల్లగుండు" అని బస్సుకు పోయింది.

ఆమె పోగానే జ్యోత్స్న వచ్చింది. బక్కపలచని పిల్ల, ఏడుపు మొహంతో ఉంది.

"అక్కా, జల్దీ సరిచెయ్యవా? హాస్టల్ల అందరు నన్ను స్టేట్ ఫస్ట్, స్టేట్ ఫస్ట్ అని పిలుస్తున్రు."

"మరి మీ అమ్మకు?"

"అమ్మకు నేను చెప్పను. నువ్వు గూడ చెప్పకు."

నాగలక్ష్మి మేడం కూడా సరిచేయమనే చెప్పింది, కాకపోతే ఇంకో రకంగా చెప్పింది. టీవీ మార్చే మాట ఎత్తొద్దంది, తమ్ముడి మనసు నొచ్చుకుంటుంది. పక్కన కంప్యూటర్ పెట్టి వైరు లాగొద్దంది, గోడకు కొత్తగా రంగు వేయించారు. ఇక విడిగా ప్రోగ్రాం రాసి లెక్క కట్టిద్దామంటే, కాలేజీ వాళ్లు కొనుక్కున్న రెడీమేడ్ వెబ్‌సైట్ దాన్ని లోపలికే రానివ్వదు. మిగిలింది స్టైల్‌షీట్ ఒక్కటే. దానికి ఆ టీవీలో తెలిసింది కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, రెండు అంకెల్లో ఏది పెద్ద ఏది చిన్న అన్నది. ఐదో తరగతి లెక్కలు.

ఖాళీ క్లాస్‌రూంలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న ఉషారాణి దగ్గరికి ప్రేమ్‌సాగర్ వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"ఏందమ్మా ప్రాబ్లం?"

"టీవీకి సైన్ తెలవదు సార్."

ఇన్నేళ్లలో ఆయన ఈ మాట పిల్లల గురించి లెక్కలేనన్నిసార్లు విన్నాడు. టీవీ గురించి వినడం ఇదే మొదలు. పిల్లలైతే సీఈసీకి పంపేవాడు.

"కూడికలు, గుణకారాలు వస్తయా దానికి?"

"అవి వస్తయి."

"అయితె సైన్ గూడ వస్తది" అని ఆయన లేచి బోర్డు దగ్గరికి పోయాడు. సుద్దముక్క చేతిలోకి రాగానే మనిషి పదేళ్లు చిన్నవాడయ్యాడు. కోణం, అందులోంచి కోణం ఘనంలో ఆరోవంతు తీసెయ్, ఐదో ఘాతంలో నూట ఇరవయ్యోవంతు కలుపు, ఇట్లా అంతం లేకుండా పోతుంది అని శ్రేణి రాశాడు. "ఇది అసలైన సైన్. ఇందుల సుమారు లేదు, ఉజ్జాయింపు లేదు. ఎన్ని పదాలు కలిపితె అంత శుద్ధం."

ఉషారాణి మూడు పదాలు ఎక్కించి, ల్యాప్‌టాప్ పట్టుకుని ఆయనతోపాటు రిసెప్షన్‌కు పోయి టీవీ ఆన్ చేసింది. అల మొదటి సగం అందంగా లేచి దిగింది. రెండో సగం కిందికి దిగాల్సింది పోయి పైకి లేచింది. లేచినదల్లా ఆగకుండా తెర దాటి, సీలింగు దాటి పోయింది. వెనక ర్యాంకులన్నీ ఆకాశానికి ఎక్కాయి. ఎంత వెనక ర్యాంకయితే అంత పైకి.

"ఇంకో పదం కలుపమ్మా."

కలిపింది. ఈసారి పాతాళానికి పోయాయి.

"ఇంకోటి."

"సార్, లైను పొడుగైతున్నది. నాకే అర్థమైత లేదు, టీవీకేమర్థమైతది?"

ప్రేమ్‌సాగర్ సుద్దముక్క కింద పెట్టాడు. తర్వాత, ఇష్టంలేని చుట్టం గురించి చెప్పే మనిషిలాగ గొంతు తగ్గించి, "ఇంకోటున్నది" అన్నాడు. "పాతది. ఏడో శతాబ్దంల భాస్కరుడు చెప్పిండు. మొదటి భాస్కరుడు. కాని అది సైన్ కాదమ్మా. సైన్ లెక్కుంటది."

"చెప్పున్రి సార్."

"కోణాన్ని నూట ఎనభైలకెళ్లి తీసెయ్. మిగిలినదాన్ని కోణంతోనే గుణించు. వచ్చినదానికి నాలుగు రెట్లు పైన రాయి. నలభై వేల ఐదు వందలలకెళ్లి దాన్ని ఒక్కసారి తీసేసి కింద రాయి. భాగించు. అంతే."

ఉషారాణి తొంభై వేసి చూసింది. సరిగ్గా ఒకటి వచ్చింది. ముప్పై వేసింది. సరిగ్గా సగం. అరవై వేసింది.

"అగో, అక్కడ తప్పింది" అన్నాడు ప్రేమ్‌సాగర్ దాదాపు సంతోషంగా. "అసలు విలువ కన్న వెయ్యోవంతు తక్కువొచ్చింది."

"వెయ్యోవంతంటె తెర మీద చుక్క గూడ కాదు సార్."

"కాకపోవచ్చు. కాని గీ జవాబు పరీక్షల రాస్తె సున్నా వేస్తుంటి."

"తెలుసు సార్."

ఆమె అన్న తీరుకు ఆయన తలెత్తి చూశాడు. అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"చెట్టు" అన్నాడు.

"అవ్ సార్. చెట్టే."

"ముప్పై నాలుగున్నర."

"అవ్."

ఇంకొకరైతే ఇక్కడ తప్పయిందనేవారు. ప్రేమ్‌సాగర్ మణుగూరు గని కార్మికుడి కొడుకు, తరగతిలో అందరికంటే ఎక్కువ మార్కులతో పైకి వచ్చినవాడు. మార్కుల మీద ఆయనకున్న నమ్మకం ఒక్క సాయంత్రంలో సడలేది కాదు. "అది పరీక్ష, ఇది టీవీ" అన్నాడు. అని, వెళ్లిపోకుండా అక్కడే కూర్చున్నాడు.

ఆ సూత్రం నూట ఎనభై డిగ్రీల దాకే పనిచేస్తుంది, అంటే ఒక గుట్ట. అలకు గుట్టతోపాటు గుంట కూడా కావాలి. అదే గుట్టను తలకిందులు చేసి రెండో సగంలో పెడదామంది ఉషారాణి. నూట ఎనభై దాటిన కోణాన్ని అక్కడే ఆపడానికి చిన్నదేదో ఎంచుకొమ్మని ఒకచోట, పెద్దదేదో ఎంచుకొమ్మని ఇంకోచోట రాసింది. ప్రేమ్‌సాగర్ పక్కనుంచి గుర్తులు సరిచూశాడు. ఒకచోట ఆమె తీసివేత మరచిపోతే ఆయన పట్టాడు. ఇంకోచోట ఆయన బ్రాకెట్ తప్పు చెబితే తెర పట్టింది. వాచ్‌మన్ తాళాలు ఆడిస్తూ రెండుసార్లు తొంగిచూశాడు. రెండోసారికి టీవీలో అల లేచింది, దిగింది, గుంటలోకి పోయింది, మళ్లీ తేరుకుని మధ్యకు వచ్చింది. సైన్ అంటే ఏమిటో తెలియని టీవీ ఏ తడబాటూ లేకుండా సైన్ చూపిస్తోంది.

"సుమారే" అన్నాడు ప్రేమ్‌సాగర్. కాని ఫోన్ తీసి ఫొటో తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున నాగలక్ష్మి మేడం వచ్చి టీవీ ముందు నిలబడింది. అప్పటికే బ్యాంకు మేనేజరు వచ్చి ఉన్నాడు.

"అల మంచిగున్నది" అంది మేడం. "కాని ఒకటో ర్యాంకు మధ్యలెందుకున్నది? నాలుగో ర్యాంకు నెత్తి మీదెందుకు ఎక్కింది?"

"అల అక్కడే మొదలైతది మేడం. సైన్ సున్నా విలువ సున్నా" అన్నాడు ప్రేమ్‌సాగర్.

"ఒకటో ర్యాంకు విలువ సున్నా అని వాళ్ల నాన్నకు మీరే చెప్పున్రి."

గుంటలో పడ్డ ఒకమ్మాయి తల్లి కూడా అప్పుడే లోపలికి వచ్చింది. తమ పాపకు వచ్చిన మార్కులేమిటి, పాపను పడేసిన చోటేమిటి అని మొదలుపెట్టింది. ప్రేమ్‌సాగర్, ఉషారాణి మళ్లీ ల్యాప్‌టాప్ దగ్గర తలలు చేర్చారు. అల శిఖరం దగ్గర మొదలవ్వాలంటే సైన్ బదులు కొసైన్ కావాలి. అంటే తొంభై డిగ్రీలు ముందుకు జరపాలి. మధ్యాహ్నం భోజనాల వేళకు జరిపారు. ఒకటో ర్యాంకు కొమ్మెక్కి కూర్చుంది. బ్యాంకు మేనేజరు తృప్తిగా తలూపాడు. అల దిగింది, గుంట దాటింది, మళ్లీ లేచింది. లేచి లేచి, కుడి చివర ఆఖరి ఫొటో దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా మొదటి ఫొటో ఎత్తుకు చేరింది. ఎడమ కొసన బ్యాంకు మేనేజరు కొడుకు, కుడి కొసన జ్యోత్స్న. ఇద్దరూ సమానంగా నవ్వుతున్నారు.

ఉషారాణికి ఆ అల ఎంత నచ్చిందో. ఒక్క క్షణం నోరు మూసుకుంటే ఎవరూ గమనించరేమో అనుకుంది. అందరూ గమనించారు.

"ఆఖరి పిల్ల మళ్ల పైకెందుకొచ్చింది?" అంది మేడం.

"చక్రం తిరిగి వస్తది మేడం. కొసైన్ మూడువందల అరవై అంటె..."

"సార్, మనకు చక్రాలొద్దు. మార్కులు ఎట్ల తగ్గితె ఫొటోలు గట్ల దిగాలె. ఎక్కువోళ్లు పైన, తక్కువోళ్లు కింద. గంతే."

"గట్లయితె అల ఉండదు మేడం. వాలుగ గీత ఉంటది" అంది ఉషారాణి.

"ఉండనీ. తరంగ అని కింద పెద్దక్షరాల రాయి."

వాలు గీతకు సైన్ అక్కర్లేదు, భాస్కరుడు అక్కర్లేదు, నూట ఎనభై అక్కర్లేదు. ఉషారాణి ఒక గుణకారంతో పని ముగించింది. టీ చల్లారేలోపు అయిపోయింది. పద్నాలుగు శతాబ్దాల కిందటి సూత్రాన్ని స్టైల్‌షీట్‌లోంచి చెరిపేస్తున్నప్పుడు ప్రేమ్‌సాగర్ చూడలేక గదిలోంచి వెళ్లిపోయాడు. ఆ గీత ఇప్పటికీ ఉంది. అది చూసినవాళ్లు జారుడుబల్ల అంటారు, కాలేజీవాళ్లు తరంగమంటారు. మేడం తమ్ముడు మాత్రం తన టీవీ చాలా బాగా పనిచేస్తోందని అందరికీ చెబుతుంటాడు.

చేసిన పని వృథా పోకూడదని ఉషారాణి ఆ పద్ధతిని వివరంగా రాసి ఇంటర్నెట్‌లో పెట్టింది. ఒకే ఒక్క జవాబు వచ్చింది, ఎవరో బెంగళూరు ఇంజనీరు దగ్గర్నుంచి. సైన్ ఇప్పుడు అన్ని బ్రౌజర్లలోనూ ఉంది కదా, ఇంత తంటా దేనికి అని అడిగాడు. ఆమె రిబ్బను గురించి, తమ్ముడి మనసు గురించి, గోడ రంగు గురించి పెద్ద సమాధానం రాసింది. చదువుకుని చూస్తే తనకే నమ్మశక్యంగా అనిపించలేదు. చెరిపేసి, బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంది.

హాతీరాం కూతుర్ని ఏం జరిగిందని అడిగాడు. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది లంబాడీలోనే. అంతా విని ఆయన అన్న మాట తెలుగులో చెప్పాలంటే ఇట్లా ఉంటుంది: "అంటే సారు కూడా కొలిచాడన్నమాట." కాదు బాపూ, ఆయన కొలవలేదు, సుమారుగా లెక్క కట్టాడు అని ఆమె సరిచేయబోయింది. హాతీరాం అప్పటికే షిఫ్టుకు సైకిల్ తీశాడు.

ఎవరికీ అవసరం లేదని తేలాకే ఉషారాణికి త్రికోణమితి మీద కోరిక పుట్టింది. ఒక ఆదివారం ఫోన్ చేసి, మిగతాది కూడా చెబుతారా సార్ అని ప్రేమ్‌సాగర్‌ను అడిగింది. ఏ పరీక్షకు అని అడిగాడాయన. ఏ పరీక్షకూ కాదంది. పరీక్ష లేకుండా పాఠం ఎట్లా చెప్పాలో ఆయనకు తెలియదు. రమ్మని మాత్రం అన్నాడు.

ఇప్పుడు ఆదివారాలు ఆమె పాల్వంచలో వాళ్లింటికి వెళ్తుంది. డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెడుతుంది. ఆయన సూత్రం చెబుతాడు, ఆమె దాన్ని తెర మీద కదిలేట్టు చేస్తుంది. కదులుతుంటే ఆయన మాట ఆపి చూస్తాడు. ఇన్నేళ్లూ బోర్డు మీద నిలబడి ఉన్న సైన్ కదలడం ఆయనకు కొత్త. ఆయన భార్య రోజారాణి వంటింట్లోంచి అప్పుడప్పుడు వచ్చి నిలబడుతుంది.

మొన్న టాన్ దగ్గరికి వచ్చారు. ఉషారాణి తన ఫొటోనే తెర మీద పెట్టి, కోణం పెరిగేకొద్దీ అది పైకి లేచేట్టు రాసింది. నలభై ఐదు దగ్గర మామూలుగానే ఉంది. అరవై దగ్గర కాస్త తొందరపడింది. ఎనభై దాటాక పరుగు అందుకుంది.

"తొంభై దగ్గర ఏమైతది సార్?"

"అక్కడికి పోవద్దమ్మా. అక్కడ దానికి విలువ లేదు."

ఉషారాణి తొంభై కొట్టింది. ఫొటో తెర మీద లేదు. పైకి జరిపి చూసింది, పక్కకు జరిపి చూసింది, ఎక్కడా లేదు.

టీ కప్పులతో వచ్చిన రోజారాణి ఖాళీ తెర చూసింది. "ఏమైందండి? ఇప్పటిదాంక ఈ పిల్ల ఫొటో ఉండె గదా?"

"అనంతానికి పోయింది" అన్నాడు ప్రేమ్‌సాగర్ గంభీరంగా.

"చాయ్ చల్లారకముందు రమ్మనున్రి" అంది రోజారాణి, కప్పులు బల్ల మీద పెడుతూ.